గోడవార మచ్చు సంచి

నేను ఒక గోనె సంచిని. మా జాతికి కథ చెప్పుకునేంత బతుకు సాధారణంగా ఉండదు. నింపుతారు, మోస్తారు, దులుపుతారు, చిరిగితే పారేస్తారు. నాకు మాత్రం ఒక కథ ఉంది. వేసవి మొదలు నుంచి వానాకాలం సగం దాకా నేను ఒక కోల్డ్ స్టోరేజీలో గోడకు అతుక్కుని, మిరప బస్తాల అడుగున నలుగుతూ పడి ఉన్నాను. నాలో ఉన్నవి కూరలో వేసుకునే కాయలు కావు. ఒక చేనుకు సరిపడే విత్తనం, ఆ చేనుకు మిగిలిన ఒకే ఒక్క విత్తనం, నాలో ఉంది. ఆ సంగతి తెలిసిన మనిషి తలుపు బయట కూర్చుని ఉంది. తలుపు తీయగలిగిన వాళ్ళకు ఆ సంగతితో పని లేదు.

నేను పుట్టింది ఎక్కడో బెంగాల్లో, నది ఒడ్డున జనపనారగా. నన్ను నీళ్ళలో కుళ్ళబెట్టారు. బండకేసి బాదారు. చీల్చారు, దువ్వారు, నూనె పట్టించి మగ్గం మీద నేశారు. ఇంత హింస పెట్టి చేసిన వస్తువుకు చివరికి పెట్టిన పని ఏమిటంటే, నోరు తెరుచుకుని నిలబడటం. మొదట నాలో కందులు పోశారు. తర్వాత వేరుశనగ. ఒక చలివేంద్రంలో కుండ చుట్టూ తడిసి ఒక ఎండాకాలం గడిపాను. ఒక పెళ్ళిలో నా మీద కూర్చుని వంటవాళ్ళు ఉల్లిపాయలు తరిగారు. ఆ తర్వాత వారపు సంతలో పాత సంచుల కట్టలో ఉన్న నన్ను ఒక స్త్రీ బయటికి లాగి ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది.

ఆమె పేరు ఇన్నమ్మ. కొత్త సంచికి మిల్లు నూనె వాసన వస్తుందనీ, ఆ వాసన విత్తనానికి పడదనీ ఆమె నమ్మకం. నాలో ఆ వాసన చచ్చిపోయిందని తేల్చుకున్నాకే కొంది. నన్ను వాసన చూసి ఎంచుకున్న మొదటి మనిషి ఆమే. అప్పటిదాకా నన్ను చూసినవాళ్ళందరూ చిల్లులు మాత్రమే వెతికారు.

ఇన్నమ్మది గుట్లపాడు. ఊరికి పడమర గుట్ట కింద ఆమెకూ, భర్త శౌరయ్యకూ ఎర్ర గరప చేను ఉంది. గరప అంటే మట్టి తక్కువ, గులకరాళ్ళు ఎక్కువ. వాన పడితే నీళ్ళు నిలవవు. ఎండ కాస్తే మధ్యాహ్నానికి పెనంలా కాలుతుంది. ఒక బోరు ఉంది గానీ, ఆ నీళ్ళు ఈ చివర మొదలై ఆ చివరకు చేరేలోపే కరెంటు పోతుంది. ఆ చేనులో ఇన్నమ్మ అత్తగారి కాలం నుంచి పండుతున్న మిరప ఒకటుంది. పొట్టికాయ అంటారు. చెట్టు మోకాలు దాటదు. కాయ బొటనవేలంత. తోలు మందం, రంగు చిక్కటి ఎరుపు. కాపు తక్కువే. కానీ దాని వేరు రాళ్ళ సందుల్లోంచి లోతుకు దిగుతుంది. నీళ్ళు తప్పినా పూత రాల్చదు.

రెండో కోతకు ముందు ఇన్నమ్మ చేనంతా ఒకసారి తిరుగుతుంది. బోరు దగ్గర ఏపుగా ఉన్న చెట్లను పట్టించుకోదు. నీళ్ళు అందని చివర, మిట్టమధ్యాహ్నం ఆకు వాలకుండా నిలబడ్డ చెట్టు కనిపిస్తే, దాని కొమ్మకు పాత చీర పీలిక కడుతుంది. ఆ చెట్ల కాయే విత్తనానికి.

శౌరయ్యకు ఇదొక నవ్వులాట.

"బాగా కాసిన చెట్టునొదిలేసి బక్కదానికి పీలికలు కడతావేందే? దానికేమన్నా పెళ్ళి చేస్తన్నావా?"

"బోరుకాడ చెట్టు నీళ్ళు తాగి కాసింది. ఇది తాగకుండా కాసింది. మన చేనుకు ఏది కావాలయ్యా?"

శౌరయ్య చెడ్డవాడు కాదు. ఆశ ఉన్నవాడు. నేను చాలా ఇళ్ళు చూశాను, మనుషులు విత్తనం ఎంచుకునే తీరు నాకు తెలుసు. సొంత చేను వంక చూసి ఎంచుకునేవాళ్ళు తక్కువ. పక్కవాడి కళ్ళం వంక చూసి ఎంచుకుంటారు. గుట్లపాడుకు తూర్పున కాలవ ఉంది. కాలవ కింద నల్లరేగడి. అక్కడి రైతులు రంగుల ప్యాకెట్లలో వచ్చే పొడుగుకాయ రకం వేసి, కళ్ళంలో గుట్టలు గుట్టలుగా పోశారు. ఆ గుట్టలు చూసి వచ్చిన రోజు శౌరయ్యకు అన్నం సహించలేదు. గుట్లపాడులో మిగతావాళ్ళు పొట్టికాయను ఎప్పుడో వదిలేశారు. చివరికి శౌరయ్య కూడా వదిలేశాడు. చేనంతా పొడుగుకాయ నాటాడు. ఇన్నమ్మ పోట్లాడి గుట్టవైపు ఒక్క మూల దక్కించుకుంది. పుప్పొడి కలవకుండా ఆ మూలకు అడ్డంగా జొన్న వరసలు వేసి, లోపల పొట్టికాయ పెట్టుకుంది.

ఆ ఏడు వానలు అడిగినట్టు పడ్డాయి. పొడుగుకాయ విరగకాసింది.

"చూశావా? మన నేల్లో పండదన్నావు గదే!" కళ్ళంలో నిలబడి శౌరయ్య మీసం దువ్వాడు.

"పండించింది వానయ్యా. నేల కాదు."

"వానైతే ఏంది, నేలైతే ఏంది? పండింది గదా!"

ఒక్క మంచి ఏడాదిని చూసి మనిషి జీవితాంతం నమ్మేస్తాడు. నేను గోనె సంచిని, నాకు ఆ సౌకర్యం లేదు. ఒకసారి బరువు మోసినంత మాత్రాన మళ్ళీ మోస్తానని నన్నెవరూ నమ్మరు. ప్రతిసారీ కుట్లు చూస్తారు.

ఇన్నమ్మ తన మూలలో కాసిన పొట్టికాయను నీడలో ఆరబెట్టింది. కాస్త వంటకని తీసి కారం కొట్టించింది. పీలికలు కట్టిన చెట్ల కాయను మాత్రం తొడిమతో సహా నాలో పోసి, మూతి కుట్టి, అటక మీద పెట్టింది. నారు పోసే ముందే కాయ చీల్చాలి, అప్పటిదాకా గింజకు కాయే ఇల్లు అని తనలో తనే అనుకుంది. అటక మీద వెచ్చగా, పొడిగా ఉంది. అంత గౌరవంగా నేను ఎక్కడా బతకలేదు.

అది ఎక్కువకాలం సాగలేదు.

మిరప వ్యాపారంలో ఒక పద్ధతి ఉంది. కొనేవాడు సంచులన్నీ విప్పడు. ఎదురుగా ఉన్న ఒక సంచిలో చేయి పెట్టి గుప్పెడు కాయ తీస్తాడు. విరిచి చూస్తాడు, వాసన చూస్తాడు, దాన్నిబట్టే లాటు మొత్తానికి, అంటే ఆ రైతు బస్తాలన్నిటికీ, రేటు చెబుతాడు. ఆ సంచిని మచ్చు సంచి అంటారు. లాటుకు అదే ముఖం. శౌరయ్య పొడుగుకాయ కుప్పలుగా వచ్చింది గానీ, చివరి కోతలో చాలా కాయ తెల్లబడి తాలు తేలింది. రంగు లేదు. అటక మీద నాలో ఉన్నదేమో చిక్కటి ఎరుపు.

గుడ్ ఫ్రైడే రోజు ఇన్నమ్మ ఊరి వాళ్ళతో కలిసి సిలువ బాటకు గుట్ట ఎక్కింది. ఇంట్లో ఎవరూ లేరు. రేటు పెరిగేదాకా కోల్డ్ స్టోరేజీలో దాచాల్సిన పొడుగుకాయ బస్తాలతో ట్రాక్టరు గుమ్మం ముందు ఆగి ఉంది. శౌరయ్య అటక ఎక్కి నన్ను దించాడు.

"కారం మిల్లోడికి రంగుతో పని గానీ పొడుగు పొట్టితో పనేంది?" అని గొణుక్కున్నాడు. "ఎట్టాగూ వచ్చే ఏడు ప్యాకెట్లే కొంటాం గదా."

దేవుడి కోసం భార్య కొండ ఎక్కుతుంటే, రేటు కోసం భర్త అటక ఎక్కాడు. ఇద్దరూ చెమటలు కక్కారు.

అక్కడే శౌరయ్య ఒక పొరపాటు చేశాడు. నేను అందరికీ కనిపించాలని నన్ను చివరగా, ట్రాక్టరు పైన, అన్ని బస్తాల నెత్తిన పెట్టాడు. కోల్డ్ స్టోరేజీ దగ్గర హమాలీలు ట్రాక్టరు పైనుంచి దించుతారు. అంటే అందరికంటే ముందు దిగింది నేనే. ముందు దిగిన సంచి ముందు లోపలికి పోతుంది. ముందు లోపలికి పోయిన సంచి గది చివర గోడకు ఆనుతుంది. శౌరయ్య అప్పుడు ఆఫీసులో రశీదు రాయించుకుంటున్నాడు. తిరిగి వచ్చేసరికి నా ముందు, నా మీద అతని పొడుగుకాయ బస్తాలే పేర్చి ఉన్నాయి. ఆ వెంటనే ఎవరెవరివో లాట్లు వచ్చి వాటికి అడ్డం పడ్డాయి. లాటుకు ముఖం కావలసిన సంచి గోడకు ముఖం పెట్టుకుని ఉండిపోయింది.

తలుపు మూశారు.

ఆ చలిని ఎలా చెప్పను? నా నారలో చెమ్మ గడ్డకట్టినట్టు బిగుసుకుంది. పై బస్తాల బరువుకు నా కుట్లు సాగాయి. పక్క సంచిని తాకడం తప్ప వేరే కదలిక లేదు. చీకటికి పగలూ రాత్రీ తేడా లేదు. యంత్రం హోరు ఆగితే ఏదో జరగబోతోందని ఆశ, మళ్ళీ మొదలైతే ఏమీ జరగలేదని తెలుసుకోవడం. నాలో కాయలు మాత్రం హాయిగా ఉన్నాయి. విత్తనానికి చలి నిద్ర మంచిదే. కానీ నిద్రకు ఒక గడువు ఉంటుంది. ఎవరో వచ్చి లేపాలి.

తలుపు తెరిచినప్పుడల్లా మాటలు వినిపించేవి. ఎక్కువగా నాగుల్ మీరా గొంతు. అతను హమాలీ ముఠాకు మేస్త్రి. ఇనుప కొక్కెం భుజాన వేసుకుని తిరుగుతాడు, నోరు ఊరుకోదు.

తొలకరి పడ్డాక ఒక రోజు తలుపు దగ్గర ఇన్నమ్మ గొంతు వినిపించింది. నారు పోద్దామని అటక ఎక్కితే నేను లేనన్నమాట.

"మా సంచి లోపలుందయ్యా. విత్తనం సంచి. నాకు తెలీకుండా మా ఆయన పంపించాడు."

"రశీదుందా అక్కా?"

"ఉంది."

"ఉన్నా లాభం లేదులే," అన్నాడు నాగుల్ మీరా రశీదు చూసి. "మీ లాటు గోడవారన ఉంది. దాని ముందు ఊళ్ళ సరుకంతా ఉంది. వాళ్ళు తీసుకుపోతే గానీ నీది కదలదు."

"కాస్త పక్కకు జరిపి లాగండయ్యా."

"జరపడానికి అది మంచమా? ఒక్క సంచికోసం గదంతా తవ్వితే ఓనరు నన్ను తవ్వుతాడు."

"నేనే వచ్చి లాక్కుంటా."

"ఆడోళ్ళను లోపలికి రానియ్యరు. పైనుంచి బస్తా పడితే నువ్వూ విత్తనంలా మట్టిలోకి పోతావు."

హమాలీలు నవ్వారు. ఇన్నమ్మ నవ్వలేదు, వెళ్ళనూ లేదు. కాటా పక్కన నీడలో కూర్చుంది. ఆ రోజు మొదలు వీలు దొరికినప్పుడల్లా బస్సెక్కి వచ్చి అక్కడే కూర్చునేది. తలుపు తీసినప్పుడు లేచి నిలబడి లోపలికి తొంగి చూసేది. నేను ఆమెకు కనపడనని నాకు తెలుసు. ఆమె చూపు ముందు వరసల దగ్గరే ఆగిపోయేది. అయినా ఆమె చూస్తోందని తెలిశాక నాకు చీకటి ఇంకా చిక్కబడింది. ఎవరూ వెతకని చోట పడి ఉండటం వేరు, వెతుకుతున్నవాళ్ళకు అందకుండా పడి ఉండటం వేరు.

బయట కాలం తిరగబడింది. తొలకరి తర్వాత వాన మొహం చాటేసింది. శౌరయ్య మళ్ళీ ప్యాకెట్ల నారే తెచ్చి చేనంతా నాటాడు. కాలవ కింద నల్లరేగడి నీళ్ళు దాచుకుని ఆ మొక్కను కాపాడింది. అదే మొక్క గరప నేలలో మధ్యాహ్నానికి తల వాల్చింది, కొన్నాళ్ళకు తల ఎత్తడం మానేసింది. రకానిది తప్పు కాదు. చేపను తెచ్చి చెట్టెక్కమంటే ఎక్కుతుందా?

ఈసారి ఇన్నమ్మతో పాటు శౌరయ్య కూడా వచ్చాడు.

"చేను ఎట్టుంది శౌరయ్యా?" అడిగాడు నాగుల్ మీరా.

"ఏముంది మేస్త్రీ, సగం ఎండింది. మిగతా సగం నేనెప్పుడు ఎండాలా అని చూస్తంది."

"ఇప్పుడా సంచి దొరికితే మాత్రం ఏం చేస్తారక్కా?"

"ఇప్పుడు నారు పోస్తే దసరా దాటాక నాటుకోవచ్చు," అంది ఇన్నమ్మ. "ఆలస్యమైనా మా పొట్టికాయ కాస్తది. ఈ ఏడు చేలో పడకపోతే వచ్చే ఏడు గింజ మొలిచిద్దో లేదో. ఊరంతా అడిగా. ఎవరింట్లోనూ లేదు. పక్కూళ్ళల్లో కూడా లేదు. ఇది పోతే ఆ చేనుకు మిరప లేదు."

"మరి కమీషన్ దుకాణంలో చెప్పారా, ఆ ఒక్క సంచి అమ్మొద్దని?"

"చెప్పావా?" అంది ఇన్నమ్మ భర్త వంక తిరిగి.

"చెప్తాలే."

అతను చెప్పలేదు. ఎలా చెబుతాడు? లాటులో వేరే రకం సంచి ఒకటుంది అని చెప్పడమంటే, మచ్చు మార్చి మోసం చేయబోయాను అని చెప్పడమే. మిరప యార్డులో ఆ మాట ఒకసారి పుట్టిందంటే ఇక ఆ రైతు సంచి తెచ్చిన ప్రతిసారీ అడుగు దాకా విప్పుతారు. శౌరయ్య రోజూ రేపు అనుకున్నాడు.

ఈలోపు కమీషన్ వ్యాపారి అంకారావు ఎదురుగా ఉన్న బస్తాలోంచి గుప్పెడు పొడుగుకాయ తీయించి, తాలు చూసి పెదవి విరిచి, దానికి తగ్గ రేటుకే లాటు మొత్తం ఒక కారం మిల్లుకు అమ్మేశాడు. శౌరయ్య తెలివి అంతా వెనక గోడకు తప్ప ఎవరికీ తెలియలేదు.

లారీ వచ్చింది.

ముందు వరసలు కదిలిన శబ్దం విన్నాను. అడ్డంగా ఉన్న ఊళ్ళ సరుకు అప్పటికే చాలావరకు పోయింది. ఇప్పుడు మా లాటు. ఒక్కొక్క బస్తా లేస్తోంది. నా మీద బరువు తగ్గుతోంది. ఇన్నాళ్ళూ కోరుకున్న విడుదల అదే. కానీ ఈ తలుపు దాటితే లారీ, లారీ దిగితే మిల్లు, మిల్లులో రోకళ్ళు. చీకటి గదిలో ఉన్నంతకాలం నాలోని విత్తనం బతికే ఉంది. బయటికి వస్తేనే చస్తుంది.

నన్ను ఆఖరున లాగారు. ఎండలోకి రాగానే ఒళ్ళంతా చెమ్మ పట్టింది. ప్లాట్‌ఫాం మీద మిల్లు గుమాస్తా పానకాలు బస్తాలు లెక్కపెడుతున్నాడు. పక్కన అంకారావు కుర్చీలో కూర్చుని టీ తాగుతున్నాడు. మెట్ల కింద ఇన్నమ్మ, శౌరయ్య నిలబడి ఉన్నారు. కబురు అందించింది నాగుల్ మీరానేనని తర్వాత తెలిసింది.

నన్ను ఎత్తిన హమాలీ కొక్కెం నా మూలలో దిగింది. చిన్న చిరుగు పడి, నాలుగు కాయలు జారాయి. నాగుల్ మీరా వంగి ఒకటి తీశాడు.

"ఇదిగో అక్కా, నీ పొట్టికాయ!"

ఇన్నమ్మ మెట్లు ఎక్కేసింది. పానకాలు కూడా వచ్చాడు. కాయ తీసుకుని తిప్పి చూసి కళ్ళు చిట్లించాడు.

"ఇదేంది? లాటంతా పొడుగుకాయ. ఇది వేరే రకం. అంకారావు గారూ, రకం కలిసిందండీ సరుకులో!"

అంకారావు టీ గ్లాసు కింద పెట్టాడు. "ఏంది శౌరయ్యా ఇది? నీదేనా ఈ సంచి?"

రెండు దారులున్నాయి శౌరయ్యకు. నాది కాదు, ఎవరిదో పొరపాటున కలిసింది అనొచ్చు. అప్పుడు పరువు దక్కుతుంది, నేను యజమాని లేని సంచినై మిల్లుకో చెత్తకో పోతాను. నాది అంటే ఇంతమంది ముందు తల దించుకోవాలి. అతను భార్య వంక చూశాడు. ఇన్నమ్మ అతని వంక చూడలేదు. నన్ను పట్టుకుని నేల మీద కూర్చుంది.

"నాదేనండీ," అన్నాడు శౌరయ్య. "మా ఆడమనిషి విత్తనానికి దాచుకున్నది. రంగు బాగుందని మచ్చుకు ఉంటదని నేనే లాటులో పెట్టా."

"మచ్చుకా? మరి గోడవారన ఎట్టా దొరికింది?"

"ట్రాక్టరు మీద పైనేశా."

ముందు నాగుల్ మీరా నవ్వాడు, తర్వాత ముఠా అంతా. చివరికి అంకారావుకు పొలమారింది.

"ఓరి నీ తెలివి తగలెయ్య! మొహానికి పెట్టుకోవాల్సిన బొట్టు వీపుకు పెట్టుకున్నావు గదయ్యా! దీన్ని మోసం అంటే మోసానికి పరువు తక్కువ."

శౌరయ్య కూడా నవ్వబోయాడు, నవ్వు రాలేదు. "ఈ ఒక్కటీ వదిలెయ్యండి. బదులుగా ఇంటికాడ పొడుగుకాయ బస్తా ఉంటే తెచ్చా. ఆటోలో ఉంది."

పానకాలు తల అడ్డంగా ఊపాడు. ఇందాక తీసిన పొట్టికాయను వాసన చూస్తూనే ఉన్నాడు. "లాటు కొన్నాం, లాటులో ఉన్నదంతా మాది. ఈ సంచి మిల్లుకు పోదులే, మా ఇంటికి పోయిద్ది. పచ్చడికి బాగుంటది ఈ కాయ. ఎత్తండి లారీలోకి, నా సీటు పక్కన పెట్టండి."

"అది పచ్చడి కాయ కాదు బాబూ, విత్తనం!" ఇన్నమ్మ నన్ను వదల్లేదు.

"విత్తనమైతే ఇంకా మంచిది, గింజ నిండుగా ఉంటది. అడ్డం లేమ్మా. అంకారావు గారూ, అమ్మిన సరుకా కాదా?"

అంకారావు ఇబ్బందిగా చెంప గోక్కున్నాడు. "అమ్మిన సరుకేననుకో..."

"ఎత్తండ్రా," అన్నాడు పానకాలు.

ఎవరూ కదల్లేదు. అప్పుడు నాగుల్ మీరా కొక్కెం తీసుకుని తనే ముందుకు వచ్చాడు. "లే అక్కా," అన్నాడు. ఇన్నమ్మ లేవలేదు. "లే అంటన్నా గదా," అన్నాడు మళ్ళీ, ఈసారి మెల్లగా. ఆమె అతని కళ్ళలో ఏం చూసిందో చేయి తీసింది.

కొక్కెం ఇందాకటి చిరుగులోనే దిగింది. పైకి ఎత్తాల్సిన చేయి పక్కకు లాగింది. నా నార పోగులు ఒకదాని తర్వాత ఒకటి తెగడం నాకు వినిపించింది. మూల నుంచి మూతి దాకా నేను రెండుగా తెరుచుకున్నాను. పొట్టికాయలన్నీ ప్లాట్‌ఫాం మీద ఎర్రగా పరుచుకున్నాయి.

"అయ్యయ్యో! పాత సంచి గుమాస్తా గారూ. పుచ్చిపోయింది," అన్నాడు నాగుల్ మీరా.

"కళ్ళు కనపడటంలా నీకు? సరే, ఎత్తి వేరే సంచిలో పొయ్యండి."

"ఎత్తుతాం. కానీ ఇక అది మీది కాదు గదా."

"ఏందీ?"

"నేలబడ్డ కాయ ముఠాది. మా తాతల్నాటి మాట. అడగండి అంకారావు గారిని."

ఆ కోల్డ్ స్టోరేజీలో ఆ ఆచారం అందరికీ తెలుసు. ఎత్తిదింపుల్లో సంచుల్లోంచి రాలిన కాయను ఏ రైతూ, ఏ వ్యాపారీ వెనక్కి అడగడు. హమాలీలు సాయంత్రం ఊడ్చి పంచుకుంటారు.

పానకాలు మొహం కందిపోయింది. "గుప్పెడు రాలితే మీది. సంచెడు రాలితే?"

"మాటలో గుప్పెడని ఎవరన్నారు?"

"కావాలని చింపావు!"

"నా కొక్కెం మీద ఒట్టు పెట్టమంటారా?" నాగుల్ మీరా కొక్కెం నేల మీద పెట్టి కూర్చున్నాడు. అతని వెనకే ముఠా అంతా ఒక్కొక్కరూ కూర్చున్నారు. లారీ సగమే నిండి ఉంది, మిగతా బస్తాలు ఇంకా ప్లాట్‌ఫాం మీదే ఉన్నాయి.

పానకాలు లారీ వంక చూశాడు, కూర్చున్న ముఠా వంక చూశాడు, అంకారావు వంక చూశాడు. అంకారావు ఖాళీ టీ గ్లాసులోకి తొంగి చూస్తున్నాడు.

"ఆ ఆటోలో బస్తా ఎక్కించండి. లెక్క సరిపోవాల నాకు," అన్నాడు పానకాలు చివరికి. శౌరయ్య పరిగెత్తాడు.

నాగుల్ మీరా నేల మీద కాయను కుప్పచేసి ఇన్నమ్మ వైపు తోశాడు. ఆమె కొంగు పరిచింది. కొంగులో పోసేముందు అతను రెండు గుప్పెళ్ళు తీసి తన తువ్వాలులో మూటకట్టుకున్నాడు.

"ఇదేందన్నా?" అంది ఇన్నమ్మ.

"ఊరికే చేశాననుకున్నావా? మాకూ కొండకాడ ఎకరం గరప నేల ఉందక్కా. ఏం వేసినా సస్తంది."

చిరిగిన సంచిని ఎవరూ వెంట తీసుకుపోరు. శౌరయ్య తీసుకుపోయాడు. సిగ్గుపడ్డ మనిషి చేతికి ఏదో ఒక పని ఉండాలి కదా, నన్ను మడిచి చంకలో పెట్టుకున్నాడు. దారి పొడుగునా బస్సులో ఇన్నమ్మ కొంగు మూటను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఊరి మలుపు దగ్గర, "మళ్ళీ అటక ఎక్కితే కాళ్ళు ఇరగ్గొడతా," అంది. అతను తల ఊపాడు. తిట్టు తిన్నాక అతని మొహం తేలికపడింది.

ఇన్నమ్మ కాయలు చీల్చి గింజ తీసి నారుమడి పోసింది. విత్తనం తడి ఆరకుండా నన్ను రెండు పక్కలా విప్పి మడి మీద పరిచి నీళ్ళు చల్లింది. ఇక అక్కడ నేను చేయగలిగింది ఎదురుచూడటం ఒక్కటే. అంత చలి తిన్న గింజ మొలుస్తుందో లేదో ఇన్నమ్మకు తెలియదు, నాకూ తెలియదు. శౌరయ్య పొద్దునా సాయంత్రం వచ్చి నా అంచు ఎత్తి చూసేవాడు. ఇన్నమ్మ దూరం నుంచే కేకేసేది: "గాలి పోనియ్యమాక! అదేమన్నా అన్నం కుండా, ఊరికే మూత తీసి చూట్టానికి?"

చాలా రోజులు ఏమీ లేదు. పక్క చేను వాళ్ళు వచ్చి చూసి, జాలిగా ఏదో అని పోయారు. ఇన్నమ్మ నీళ్ళు చల్లడం ఆపలేదు గానీ, నా మీద చేయి వేసి చూసుకోవడం మానేసింది.

ఒక పొద్దున నా కింద ఏదో గుచ్చుకుంది. ఒకచోట, తర్వాత ఇంకోచోట. గోనెలో సందు వెతుక్కుంటూ తలలు వంచుకుని, పాలిపోయిన మెడలతో చిన్నచిన్న ప్రాణాలు నన్ను పైకి తోస్తున్నాయి. నేను ఎంత బరువు మోశానో నాకు తెలుసు. అంత సన్నటి తోపుడు మాత్రం ఎప్పుడూ ఎరగను. అన్నీ మొలవలేదు. సగం గింజ ఆ చలి నిద్రలోంచి లేవనే లేదు. మొలిచిన సగం వాళ్ళ చేనులో ఒక ముక్కకు చాలు, వచ్చే ఏడు విత్తనానికి చాలు. ఇన్నమ్మ వచ్చి నన్ను రెండు చేతులా ఎత్తి గట్టు మీద పరిచింది. చాలాసేపు మడి పక్కనే కూర్చుంది. శౌరయ్యను పిలవలేదు. అతనే వచ్చి ఆమె పక్కన కూర్చున్నాడు.

ఇప్పుడు నేను గట్టు మీద ఎండలో ఉన్నాను. మోయడానికి పనికిరాను, మూటకట్టడానికి పనికిరాను. మొక్కలు చేనులోకి వెళ్ళాయి. గులకరాళ్ళ మధ్య పొట్టిగా, మొండిగా నిలబడ్డాయి. నిన్న కాలవవైపు నుంచి ఒక రైతు సైకిలు దిగి వచ్చాడు. నీళ్ళు లేని నేలలో ఇంత పచ్చగా ఉన్న మిరపను చూసి నోరు తెరిచాడు.

"శౌరయ్యన్నా, ఇదేం రకం? నాక్కూడా కాస్త గింజ ఇయ్యి."

శౌరయ్య పార పక్కన పెట్టి అతన్ని తేరిపార చూశాడు.

"ముందు నీ చేను ఎట్టాంటిదో చెప్పు."

"నాదేముంది, కాలవ కింద నల్లరేగడి."

"అయితే నీకిది పనికిరాదు పో," అన్నాడు శౌరయ్య, మళ్ళీ పార అందుకుంటూ.